టోర్నడో సీజన్లో కంటి మీద కునుకు లేదన్నవారికి

మీరు రాసిందాన్ని ముందు ఒక్కసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దండి. గుంటూరు నుంచి వచ్చి డాలస్‌కి ఉత్తరాన సెలీనాలో రెండంతస్తుల అద్దె ఇంట్లో దిగి ఎనిమిది నెలలైంది. మార్చి నుంచి టోర్నడో (నేలను తాకే పెద్ద సుడిగాలి) భయంతో నిద్ర లేదు. మబ్బు పడితే చాలు, ఫోన్లో రాడార్ తెరిచి తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చుంటున్నారు. సైరన్ టెస్టు చేసినా ఆరేళ్ల పాప ఏడుస్తోంది. అత్తగారు, మామగారు ఆర్నెల్లు ఉందామని వచ్చారు, మామగారికి మోకాళ్ల నొప్పులు. మీవారేమో "ఏం కాదులే, ఇక్కడివాళ్లంతా బతకట్లేదా" అని తిరిగి పడుకుంటారు. ఈ భయం తగ్గే దారి ఉందా, లేదంటే లీజు అయిపోగానే వేరే రాష్ట్రం వెళ్లిపోవాలా అన్నది మీ ప్రశ్న.

నేను వాతావరణ శాస్త్రవేత్తను కాదు, డాక్టర్నీ కాదు. 2005 నుంచి 2014 దాకా ఒక్లహామాలో ఉన్నాను, అందులో ఆఖరి ఐదేళ్లు మూర్ అనే ఊళ్లో. ఆ తర్వాత నుంచి డాలస్ పక్కనున్న ప్లేనోలో. నేషనల్ వెదర్ సర్వీస్ (ఇక్కడి వాతావరణ శాఖ) వాళ్లు గాలివానల్ని గుర్తుపట్టడం మామూలు జనానికి ఉచితంగా నేర్పే స్కైవార్న్ క్లాసుకి మూడుసార్లు వెళ్లాను. పుట్టింది అవనిగడ్డ దగ్గర. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన నాటికి నాకు రెండేళ్లు. అమ్మ నన్ను చంకనేసుకుని ఊళ్లో ఉన్న ఒక్క డాబా మీద రాత్రంతా నిలబడిందట. నాకేం గుర్తులేదు. కానీ గాలి పెద్దగా వీస్తే మా ఇంట్లో ఎవరూ అన్నం తినేవాళ్లు కాదు, అది మాత్రం బాగా గుర్తు.

ఈ దివిసీమ సంగతి ఊరికే ఎత్తలేదు. మన కోస్తావాళ్లకి గాలీవానంటే తెలిసింది తుఫానే. తుఫానుకి ఒక తేదీ ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు, వాయుగుండం అంటారు, మచిలీపట్నం ఓడరేవులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటారు. మూడు నాలుగు రోజులు టైం దొరుకుతుంది. కొవ్వొత్తులు, బియ్యం, పాలపొడి తెచ్చుకుంటాం, అవసరమైతే ఊరు ఖాళీ చేస్తాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఎంత చితక్కొట్టినా, అది వస్తోందని అంతకుముందే అందరికీ తెలుసు. వచ్చిందంటే జిల్లాలకి జిల్లాలనే ముంచుతుంది, ఎవరినీ వదలదు. అందుకే తుఫానప్పుడు మనం నేర్చుకున్న అలవాట్లు రెండు: వార్తలు వదలకుండా వినడం, వీలైతే దారికి అడ్డం లేకుండా దూరంగా వెళ్లిపోవడం.

టోర్నడో దగ్గర ఈ రెండు అలవాట్లూ ఎదురు తంతాయి. దానికి తేదీ ఉండదు, మూడు నెలల సీజన్ ఉంటుంది. మీ మీదికి వస్తోందని తెలిసేది ఐదు పది నిమిషాల ముందు, అదృష్టం బాగుంటే పావుగంట. వెడల్పు చాలాసార్లు రెండు మూడు వందల గజాలు. వీధికి ఈ పక్క ఇల్లు పునాది దాకా లేచిపోతే, ఆ పక్క ఇంట్లో పూలకుండీ కూడా కదలదు. ఇలాంటిదానికి తుఫానుకి కాసినట్టు కాపలా కాస్తే, మనిషి మార్చిలో మొదలుపెట్టి జూన్‌కల్లా మంచాన పడుతుంది. మీరిప్పుడు చేస్తున్నది అదే. నేనూ అదే చేశాను.

2013 మే 20, సోమవారం. మధ్యాహ్నం 2.40కి వార్నింగ్ ఇచ్చారు, 2.56కి టోర్నడో నేలను తాకింది. మధ్యలో 16 నిమిషాలు. నేను ఒక్లహామా సిటీలో ఆఫీసులో ఉన్నాను. కిటికీల్లేని స్టోర్ రూంలో పాతిక మందిమి కార్టన్ల మధ్య కూర్చున్నాం. బాబు మూర్‌లో రెండో తరగతి. అది వాడి స్కూలు మీదికి రాలేదని నాకు తెలిసింది సాయంత్రం ఆరింటికి. అప్పటిదాకా ఫోన్లు కలవలేదు, రోడ్లు మూసేశారు. ఆ టోర్నడో సుమారు 14 మైళ్లు నేల మీద నడిచింది, ఒక దగ్గర మైలుకి పైగా వెడల్పు, గాలి గంటకి 200 మైళ్లు దాటింది. ఇఎఫ్5, అంటే టోర్నడో బలం చెప్పే కొలమానంలో ఆఖరి మెట్టు. మా ఇంటికి మైలున్నర అవతలనుంచి వెళ్లింది. మేమున్న వీధిలో పడ్డది చిత్తుకాగితాలూ, ఇన్సులేషన్ దూదీ, ఎవరిదో స్కూలు ఫొటో ఒకటి.

చనిపోయినవాళ్లు 24 మంది. అందులో ఏడుగురు ఒకే స్కూలు పిల్లలు. ఆ మాట రాయకుండా దాటిపోదామనుకున్నాను గానీ, మీరు ఎలాగూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. దాంతోపాటు ఇదీ చదవండి: ఆ రోజు వెయ్యికి పైగా ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఇఎఫ్5 నేరుగా మీద నుంచి వెళ్లినా ఇంత తక్కువమంది పోవడానికి కారణం ఆ 16 నిమిషాలు, ఆ నిమిషాల్లో ఎక్కడికి దూరాలో చాలామందికి ముందే తెలిసి ఉండటం.

ఆ సంగతి మాకు మాత్రం అప్పటికి బుర్రకెక్కలేదు. పదకొండు రోజుల తర్వాత, మే 31 శుక్రవారం సాయంత్రం, ఒక్లహామా సిటీకి పడమర ఎల్ రీనో అనే ఊరి దగ్గర ఇంకోటి దిగింది. 2.6 మైళ్ల వెడల్పు, ఇప్పటిదాకా కొలిచినవాటిలో అదే అతి పెద్దది. టీవీలో ఎవరో దక్షిణం వైపు వెళ్లిపోండి అన్నారు. మూర్ జనమంతా వణికిపోయి ఉన్నారు కదా, అందరం ఒకేసారి కార్లెక్కాం. ఐ-35 హైవే మీద గంటలో నాలుగు మైళ్లు కదిలాం. ఆకాశం కాలిన బెండకాయ రంగులోకి తిరిగింది. వడగళ్లు టాప్ మీద పడుతుంటే బాబు చెవులు మూసుకుని "అమ్మా, ఇంటికి పోదాం" అన్నాడు. పక్క కారులో ఒకావిడ కుక్కపిల్లని గుండెకి అదుముకుని నావైపు చూసింది. అప్పుడు తట్టింది నాకు, మేమున్నది అన్నిటికంటే చెడ్డచోట అని. ఇంట్లో బాత్రూం ఉంది, దాన్ని వదిలేసి రేకు డబ్బాలోకి వచ్చి కూర్చున్నాం.

ఆ టోర్నడో మాదాకా రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ అనుకోను. దానిలో చనిపోయిన ఎనిమిది మందీ వాహనాల్లో ఉన్నవాళ్లే, వాళ్లలో టోర్నడోలను జీవితమంతా వెంబడించి పరిశోధించిన టిమ్ సమారస్, ఆయన కొడుకు, వాళ్ల సహచరుడు కూడా ఉన్నారు. అదే రాత్రి ఒక్లహామా సిటీ చుట్టుపక్కల వరదల్లో అంతకంటే ఎక్కువమంది పోయారు. ఉప్పెనకి పారిపోయినట్టు టోర్నడోకి పారిపోకూడదని నేను నేర్చుకున్నది ఆ రోజు.

భయం మాత్రం పోలేదు. వాన లేని జనవరి రాత్రి కూడా మూడింటికి లేచి రాడార్ చూసేదాన్ని. ఖాళీ తెర. అయినా పది నిమిషాలకోసారి చూడాల్సిందే. ఆయన ఉద్యోగం డాలస్‌కి మారితే పరుగున వచ్చేశాను, టోర్నడోల నుంచి తప్పించుకున్నానని. 2015 డిసెంబర్ 26 రాత్రి, క్రిస్మస్ మర్నాడు, ఎవరూ అనుకోని నెలలో, డాలస్ పక్కనున్న గార్లండ్, రౌలెట్ ఊళ్ల మీద ఇఎఫ్4 పడింది. దాంట్లో పదిమంది పోయారు, ఎక్కువమంది హైవే మీద కార్లలో. ప్లేనోలో మా ఇంటి కరెంటు కూడా పోలేదు. కానీ ఆ రాత్రి నాకు అర్థమైంది, మార్చుకోవాల్సింది నా అడ్రసు కాదని. ఫిబ్రవరిలో స్కైవార్న్ క్లాసుకి మొదటిసారి వెళ్లాను.

అక్కడ నేర్చుకున్నదాంట్లో నాకు మందులా పనిచేసింది ఒక చిన్న లెక్క. మీరు రోజూ చూస్తున్నానన్నారే, ఒక్లహామాలోని నార్మన్‌లో గాలివానల అంచనాలు వేసే స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ వాళ్ల మ్యాపు, అందులో మీ ఊరి మీద "టోర్నడో 10 శాతం" అని కనిపిస్తే గుండె జారిపోతోందన్నారు. ఆ 10 శాతం మీ ఇంటికి కాదు. మీరున్న చోటు నుంచి 25 మైళ్లలోపు ఎక్కడో ఒకచోట టోర్నడో వచ్చే అవకాశం అది. 25 మైళ్ల వ్యాసార్ధం అంటే దాదాపు 1,960 చదరపు మైళ్లు. రెండు వందల గజాల వెడల్పుతో ఐదు మైళ్లు నడిచిన టోర్నడో తొక్కేది చదరపు మైలులో సగం చిల్లర. అంటే ఆ పదింట ఒక వంతు నిజమై ఆ వలయంలో ఒకటి దిగినా, అది తొక్కే నేల ఆ మొత్తంలో మూడున్నర వేలలో ఒక వంతు. పైగా వచ్చేవాటిలో పదింట ఎనిమిది బలహీనమైనవే, పెంకులు లేపి, కంచె కూల్చి పోయే రకం. ఈ లెక్కని ఒక కాగితం మీద మీ చేతులతో వేసి ఫ్రిజ్‌కి అంటించుకోండి. నేను వినమంటే వినని మనసు, సొంతంగా వేసిన లెక్కని కాస్త వింటుంది.

ఇంకోటి, వాచ్‌కీ వార్నింగ్‌కీ తేడా. ఈ రెండూ కలిపి భయపడుతున్నారని మీ రాతని బట్టి అనిపించింది. వాచ్ అంటే ఇవాళ వాతావరణం దానికి అనుకూలంగా ఉంది, ధ్యాస పెట్టండని. పదులకొద్దీ కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) కలిపి, ఆరేడు గంటలకి ఇస్తారు. అప్పుడు ఫోన్ చార్జింగ్ పెట్టుకుని, వంట పూర్తి చేసుకుని మామూలుగా ఉండొచ్చు. వార్నింగ్ అంటే రాడార్లో సుడి కనిపిస్తోంది లేదా ఎవరో కళ్లతో చూశారని. ఇది అరగంటా ముప్పావుగంటకి ఇస్తారు, మ్యాపు మీద ఒక చిన్న బహుభుజిలా గీస్తారు. మీ ఇల్లు ఆ గీత లోపల ఉంటే వెంటనే దాక్కోవాలి. బయట ఉంటే మీ పని మీరు చూసుకోవచ్చు, అది పక్క ఊరే అయినా సరే. వార్నింగ్ ఇచ్చినప్పుడు కూడా సుమారు పదింట ఏడుసార్లు టోర్నడో రాదు. దాక్కున్న ఆ ఏడుసార్లూ "అనవసరంగా హడావుడి" అనిపిస్తుంది. అనిపించనివ్వండి, దాక్కోండి.

ఇప్పుడు నిద్ర సంగతి. ఇంట్లో రాత్రంతా కాపలాకి ఎవరో ఒకరు ఉండాలని మీ మనసు అనుకుంటోంది, మీవారు ఆ పని చేయరు కాబట్టి అది మీ మీద పడింది. ఆ కాపలాని మిషనుకి అప్పగించండి. వెదర్ రేడియో అని దొరుకుతుంది, ముప్పై నలభై డాలర్లు, బ్యాటరీ మీద కూడా పనిచేసేది కొనండి. అందులో మీ కౌంటీ కోడ్ ఒక్కటే పెట్టాలి. సెలీనా ఎక్కువ భాగం కాలిన్ కౌంటీ, దాని కోడ్ 048085. మీ ఇల్లు డెంటన్ కౌంటీ వైపు ఉంటే 048121. అన్ని కౌంటీలూ పెట్టేస్తే అది రాత్రంతా అరుస్తుంది, మూడో రోజు మీరే ప్లగ్ పీకేస్తారు. చాలా మోడళ్లలో వాన, వరద హెచ్చరికల శబ్దం ఆపేయొచ్చు, టోర్నడోది ఉంచండి. అది అరిచిందంటే చచ్చినవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. మొదటి వారం టెస్టు వచ్చేదాకా ఆగి, మీ మంచం దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో చూసుకోండి. దాన్ని నమ్మడానికి నాకు ఒక సీజన్ పట్టింది. నమ్మాక ఫోన్‌ని హాల్లో పెట్టి పడుకోవడం మొదలుపెట్టాను. ఫోన్లో ప్రభుత్వ అలర్టులు మాత్రం ఎప్పుడూ ఆఫ్ చేయకండి, శబ్దం పెంచి తలుపు తీసి ఉంచితే అది రెండో కాపలా.

ఊళ్లో సైరన్ని నిద్రలేపే అలారంలా నమ్ముకోవద్దు. అది బయట ఉన్నవాళ్లు లోపలికి పోవడానికి పెట్టింది. మూసిన కిటికీలు, ఏసీ చప్పుడు, వాన హోరులో వినపడకపోవచ్చు. ఇక్కడ చాలా ఊళ్లలో పెద్ద వడగళ్లకీ, గట్టి గాలికీ కూడా అదే సైరన్ మోగిస్తారు కాబట్టి మోగినప్పుడల్లా టోర్నడో అని కూడా కాదు. మోగితే లోపలికి వెళ్లి ఫోన్లో కారణం చూడండి.

రాడార్ పూర్తిగా మానేయమని చెప్పను, ఎవరూ మానరు. నేను దాన్నీ, ఆ స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ మ్యాపునీ కలిపి రోజుకి రెండుసార్లే చూస్తాను. ఉదయం ఎనిమిది తర్వాత ఒకసారి, పదకొండున్నర తర్వాత ఇంకోసారి, ఎందుకంటే ఆ టైంలకి మ్యాపులో కొత్త అంచనా వస్తుంది. మధ్యలో చూసినా కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. మీరు చెప్పిన ఆ యూట్యూబ్ ఛానళ్లు, "అమెరికాను వణికిస్తున్న రాకాసి సుడిగాలి" అని ఎర్రక్షరాల బొమ్మలవి, వాటిని మామగారి ట్యాబ్‌లోంచి కూడా తీసేయండి. అక్కడ కేన్సస్‌లో ఎక్కడో గాలి వీస్తే, ఇక్కడ గుంటూరు నుంచి మీ అమ్మ ఫోన్, నరసరావుపేట నుంచి పెద్దత్త ఫోన్. మా చుట్టాలైతే న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడికి కూడా చేసేవాళ్లు, "బాబూ, మీవైపు టోర్నడో అంట కదా" అని. నేను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక మాట పెట్టేశాను: "వార్నింగ్ వస్తే నేనే మెసేజ్ పెడతాను. పెట్టలేదంటే బావున్నట్టే." ఫోన్లు సగమయ్యాయి. మిగతా సగం ఆవకాయ ఎలా పెట్టావని అడగడానికి.

ఇక ఇల్లు. టెక్సాస్‌లో మన చుట్టుపక్కల బేస్‌మెంట్లు (నేల కింద గదులు) దాదాపు కనిపించవు. ఇక్కడి నేల అచ్చం మన నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది, అందుకే నేల మీద పోసిన కాంక్రీటు స్లాబ్ మీద కడతారు. కాబట్టి మనకి మిగిలింది కింది అంతస్తులో, బయటి గోడ తగలకుండా, కిటికీ లేని చిన్న గది. రెండంతస్తుల ఇంట్లో మెట్ల కింద అర ఉంటే అదే మంచిది. గోడలు దగ్గర దగ్గరగా ఉంటే గది గట్టిగా నిలబడుతుంది. మీ ఇంట్లో మెట్ల కింద అర ఉందని, దాన్ని దేవుడి గది చేశారని రాశారు. సగం మంది తెలుగువాళ్ల ఇళ్లలో అదే కథ, మిగతా సగం ఇళ్లలో సోనా మసూరి బస్తాలు.

మా ఇంట్లోనూ దేవుడి గదే. మా అత్తగారు వచ్చిన ఏడు దాన్ని సర్దుతున్నాను. నలుగురికి నాలుగు జతల బూట్లు అందులో పెట్టబోతే ఆవిడ గుమ్మంలో చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు, "దేవుడి ముందు చెప్పులా?" అని. బూట్లు ఎందుకంటే, టోర్నడో పోయాక నేల మీద అంతా గాజుముక్కలు, మేకులు. ఇంట్లో ఉత్తకాళ్లతో తిరిగే మనం, ఆ గదిలోకి ఉత్తకాళ్లతోనే దూరుతాం, బయటికి వచ్చేటప్పుడు కోసుకుంటాం. ఆవిడకి అదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం షాపుకి తీసుకెళ్లమని, అందరికీ కొత్త కాన్వాస్ షూలు తనే కొని, "తొడగనివి చెప్పులెలా అవుతాయి" అని అట్టపెట్టెతో సహా కింది అరలో పెట్టి, పైన పసుపుబట్ట కప్పారు. ఇప్పటికీ అవి అక్కడే ఉన్నాయి, బాబుకి మాత్రం రెండేళ్లకోసారి సైజు మారుస్తాం.

ఆ గదిలో పై అరల మీద ఇత్తడి విగ్రహాలు, గాజు జాడీలు ఉంటే కిందికి దించండి, తల మీద పడితే టోర్నడో అక్కర్లేదు. దీపం వెలిగించి ఉంటే ఆర్పేయండి. తలకి సైకిల్ హెల్మెట్లు, పాప స్కేటింగ్ హెల్మెట్ అయినా సరే. ఒక దుప్పటి, టార్చి, నీళ్లు, ఫోన్‌కి పవర్ బ్యాంక్, మామగారి బీపీ, షుగర్ మాత్రలు రెండు వారాలకి. ఒక జిప్ కవర్లో పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోదం) కాగితాలు, పాప జనన ధ్రువీకరణ పత్రం. వీసా మీద ఉన్నవాళ్లకి ఇల్లు పోవడం కంటే ఆ కాగితాలు పోవడం పెద్ద తలనొప్పి. ఒక విజిల్ కూడా, శిథిలాల కింద అరిచే ఓపిక ఉండదు. కిటికీలు తెరిచి ఉంచితే ఇల్లు పేలదని పాతకాలం మాట ఒకటి వింటారు, అది తప్పు, ఆ టైం వృథా. బయట ఉండగా వస్తే వంతెన కింద దాక్కోవడం ఇంకా తప్పు. 1999 మే 3న మూర్ వైపు వచ్చిన టోర్నడోలో అలా వంతెనల కింద దాక్కున్నవాళ్లు చనిపోయారు. అక్కడ గాలి ఇంకా జోరందుకుంటుంది.

మామగారి గురించి: గాలివాన సూచన ఉన్న రాత్రుల్లో ఆయన మంచం కింది అంతస్తులోనే వేయండి. అర్ధరాత్రి మోకాళ్లతో మెట్లు దిగే పని పెట్టకండి. దేవుడి గదిలో ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంచండి, ఆయన కింద కూర్చోలేరు. ఒకసారి పగటిపూట అందరూ కలిసి వెళ్లి చూడండి, గడియారం పెట్టుకుని. మాకు మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది, అందులో రెండు నిమిషాలు అత్తగారు స్టవ్ ఆపారా లేదా అన్న వాదన. నాలుగోసారికి నలభై సెకన్లు. నా భయంలో ముప్పాతిక వంతు కరిగింది ఆ నలభై సెకన్ల దగ్గరే అని నా నమ్మకం. రేడియో అరిచాక ఏం చేయాలో కాళ్లకి తెలిసినప్పుడు, అది అరవకముందు ఆలోచించడానికి మనసుకి పెద్ద పని ఉండదు.

పాపకి "టోర్నడో రాదమ్మా" అని మాత్రం చెప్పకండి. స్కూల్లో డ్రిల్ చేయిస్తారు, మీరు అబద్ధం చెబుతున్నారని దానికి తెలిసిపోతుంది. "వస్తే మనం ఎక్కడికి వెళ్తాం?" అని అడిగి, జవాబు దాని నోటితోనే చెప్పించండి. ఒక పని అప్పగించండి. మా బాబుకి టార్చి డ్యూటీ ఇచ్చాం, బ్యాటరీలు వాడే చూసుకునేవాడు, ఆదివారం ఆదివారం వెలిగించి "పనిచేస్తోంది" అని రిపోర్టు. డాలస్ చుట్టుపక్కల చాలా ఊళ్లలో నెల మొదటి బుధవారం మధ్యాహ్నం పన్నెండుకి సైరన్ టెస్టు ఉంటుంది. మీ ఊళ్లో ఎప్పుడో సిటీ వెబ్‌సైట్లో చూసి ముందురోజే పాపకి చెప్పండి, "రేపు అన్నం టైంలో మోగుతుంది, లెక్కపెట్టు ఎంతసేపు మోగిందో" అని. స్కూలుకి వెళ్లి పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారో అడగండి, ఆ చోటు మీ కళ్లతో చూడండి. మూర్‌లో ఆ తర్వాత స్కూళ్లకి సేఫ్ రూములు కట్టారు. మీ స్కూల్లో అది ఉందా లేదా అన్నది ఊహించుకుంటూ కూర్చోవడం కంటే అడిగేయడం తేలిక. ఇంకోటి, పాప సైరన్ వినగానే చూసేది ఆకాశం కేసి కాదు, మీ ముఖం కేసి.

మీవారి సంగతి. ఇక్కడ మన మగవాళ్లలో రెండు రకాలే చూశాను. ఒకరు పడుకుంటారు, ఇంకొకరు సైరన్ మోగగానే ఫోన్ పట్టుకుని డ్రైవ్‌వేలోకి వీడియో తీయడానికి పోతారు. మీకు మొదటి రకం దొరికారు, సంతోషించండి. ఆయనతో భయం గురించి వాదించకండి, గెలవరు. పని పంచండి: రేడియో కొని కోడ్ పెట్టడం, రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్ల సామానుకి చేసే బీమా) చూడటం, మామగారిని చెయ్యి పట్టుకుని గదిలోకి తేవడం ఆయన బాధ్యత. పని చేతికి వచ్చాక చాలామంది మాట మారుస్తారు.

ఇన్సూరెన్స్ అన్నాను కదా, ఇక్కడ ఉండగా మిమ్మల్ని నిజంగా కొట్టబోయేది బహుశా వడగళ్లు. నిమ్మకాయంత పడతాయి. మా రూఫ్ పదేళ్లలో రెండుసార్లు మార్చాం, కారుకి సొట్టలు లెక్కలేనన్ని. కారు గరాజ్‌లో పెట్టుకోండి, అందులో పెట్టిన సామాను ముందు ఖాళీ చేసి. వడగళ్లు పడ్డ మర్నాడు తలుపు కొట్టి "ఫ్రీగా రూఫ్ చూస్తాం" అనేవాళ్లతో ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. అద్దె ఇల్లు కాబట్టి అది ఓనరు తలనొప్పి, మీది కాదు.

ఇవన్నీ చేసినా ఒక నెల తర్వాత నిద్ర రాకపోతే, గుండె దడతో కారు నడపలేకపోతే, మబ్బు పడ్డ రోజు పాపని స్కూలుకి పంపలేకపోతే, అప్పుడు ఇది టార్చి, బూట్లతో తీరేది కాదు. డాక్టరుకి చెప్పండి. ఇలాంటి భయాలకి కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, నేనూ ఒక చలికాలం వెళ్లాను. మీవారి ఆఫీసులో ఇఏపీ (ఉద్యోగుల సహాయ పథకం) అని ఉందేమో అడగండి, చాలా కంపెనీలు కుటుంబానికి కొన్ని సెషన్లు ఉచితంగా ఇస్తాయి, ఆఫీసులో ఎవరికీ తెలియదు. విపత్తుల ఆందోళనకే ఒక హెల్ప్‌లైన్ కూడా ఉంది, 1-800-985-5990. ఇండియా నుంచి తెచ్చుకున్న నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి, రేడియో అరిచినా లేవలేరు.

చివరిగా ఇల్లు మారాలా అన్నది. టోర్నడో రాని చోటుకే వెళ్లాలంటే అమెరికాలో వెతుక్కోవాలి, అక్కడ భూకంపమో, కార్చిచ్చో, హరికేనో ఉంటుంది. ఉద్యోగం, స్కూలు బాగుంటే ఉండండి. జులైలో లీజు అయిపోతుందన్నారు కాబట్టి, కొత్త ఇల్లు చూసేటప్పుడు కౌంటర్‌టాప్ కంటే ముందు మెట్ల కింద తలుపు తెరిచి చూడండి, ఐదుగురు పడతారో లేదో. సొంత ఇల్లు కొనేరోజు వస్తే గరాజ్ నేలలో దించే షెల్టరో, గోడకి బిగించే స్టీలు గదో పెట్టించొచ్చు. ఫెమా (ఇక్కడి ప్రభుత్వ విపత్తుల సంస్థ) 361 ప్రమాణం ప్రకారం చేసిందా అని అడగండి, అవి గంటకి 250 మైళ్ల గాలికి తట్టుకునేలా కడతారు. గరాజ్ షెల్టర్‌లోకి మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మామగారు దిగలేరు, కాబట్టి ఆయన మీతోనే ఉంటారనుకుంటే నేల మీద ఉండే గదే చూడండి. నేను మాది పెట్టించినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, మా అత్తగారు ఒక్కసారి తొంగి చూసి "నేను నా దేవుడి గదిలోనే ఉంటా" అన్నారు.